కడుపులో గేర్లు దాచుకున్న సైకిల్

పిల్లలూ! బదిలీ మీద కొత్త ఊరు వచ్చిన మొదటి నెలలో మన ఇళ్ళలో తప్పకుండా వచ్చే చర్చ ఒకటుంది. బడికి ఎలా వెళ్ళాలి? బస్సు క్వార్టర్ల దాకా రాదు. నాన్నగారి ఆఫీసు వేళకూ మీ బడి వేళకూ పొత్తు కుదరదు. చివరికి మాట సైకిల్ దగ్గర తేలుతుంది. అంగట్లో 21 గేర్ల సైకిల్ మీ కంట్లో పడుతుంది. దాని ధర అమ్మ కంట్లో పడుతుంది. గేర్లే లేని మామూలు సైకిల్ కొందామని అమ్మ అంటుంది, మీరు మూతి ముడుస్తారు.

ఈ రెంటికీ నడుమ మూడో రకం ఉంది. దాని గేర్లు బయటికి కనిపించవు. వెనుక చక్రం నడిమధ్యన లావుపాటి డబ్బాలాంటి హబ్ ఉంటుంది, గేర్లన్నీ అందులోనే. నెదర్లాండ్స్, డెన్మార్క్ దేశాల్లో బడికీ బజారుకూ వెళ్ళే సైకిళ్ళలో ఇది బాగా వాడుకలో ఉన్న రకం. మన అంగళ్ళలో తక్కువ. అడిగితేనే చూపిస్తారు, ఒక్కోసారి తెప్పించుకోవాల్సి వస్తుంది. అందుకే ముందుగా దాని సంగతి తెలుసుకొని అడగాలి.

మాట దగ్గర మొదలుపెడదాం, ఇది తెలుగు పాఠం కదా! ఎడ్లబండి చక్రం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? నడుమ గుండ్రంగా ఉన్నది కుండ. దాని నుంచి బయటికి వెళ్ళేవి ఆకులు. అంచున వంపుగా ఉన్న చెక్కలు పూటీలు. కుండలోంచి దూరి వెళ్ళేది ఇరుసు. సంస్కృతం నుంచి వచ్చిన నాభి అనే మాట కూడా కుండకు ఉంది. నాభి అంటే బొడ్డు. సైకిల్ హబ్ అంటే ఈ కుండే. కుండలో ఏదైనా దాచుకోవచ్చుగా మరి!

1902లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పట్టణంలో మూడు గేర్ల హబ్ తయారీ కోసం ఒక సంస్థ ఏర్పడింది. దాని పేరు స్టర్మీ-ఆర్చర్. ఆ సంస్థ పేరుపొందిన మూడు గేర్ల హబ్ దశాబ్దాల తరబడి అదే పద్ధతిలో పనిచేసింది. 2000లో ఆ పేరు తైవాన్‌కు చెందిన సన్‌రేస్ చేతికి వెళ్ళింది, నేటికీ ఆ పేరుతో హబ్‌లు వస్తున్నాయి. జపాన్ సంస్థ షిమానో కూడా మూడు, ఏడు, ఎనిమిది గేర్ల హబ్‌లు చేస్తుంది. జర్మనీ వారి రోలాఫ్ హబ్‌లో 14 గేర్లు ఉంటాయి. దాని ధర మాత్రం అడగకండి, నాన్నగారికి ఈ పాఠం రాసినందుకు నా మీద కోపం వస్తుంది.

ఇక లోపల ఏముందో చూద్దాం. ఇరుసుకు కదలకుండా అంటిపెట్టుకొని చిన్న పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. దీన్ని సూర్యచక్రం అంటారు. దాని చుట్టూ దొర్లే చిన్న చక్రాలు గ్రహచక్రాలు. వాటిని ఒకచోట పట్టి ఉంచడానికి ఒక చట్రం. అన్నిటికీ వెలుపల, లోపలి వైపు పళ్ళున్న ఒక కంకణం. మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్‌లో సూర్యుడికి 20 పళ్ళు, ఒక్కో గ్రహానికి 20 పళ్ళు, కంకణానికి 60 పళ్ళు.

ఇప్పుడు చిన్న లెక్క. నేల మీద దొర్లే ఏ చక్రాన్నైనా తీసుకోండి. ఆ క్షణంలో నేలను తాకే చోటు కదలదు. నడుమ ఉన్న ఇరుసు ఒక వేగంతో వెళితే, చక్రం పైఅంచు దానికి రెట్టింపు వేగంతో వెళుతుంది. గ్రహచక్రానికి నేల ఎవరు? సూర్యచక్రమే. గ్రహం నడిబిందువు కేంద్రం నుంచి 40 పాళ్ళ దూరంలో ఉంటుంది, కంకణం 60 పాళ్ళ దూరంలో. నడిబిందువు వేగం 40 అనుకుంటే బయటి అంచు వేగం 80. ఆ అంచే కంకణాన్ని తోస్తుంది. 80ని 60తో భాగిస్తే 4/3. అంటే చట్రం ఒక చుట్టు తిరిగేలోపు కంకణం ఒకటిం మూడోవంతు చుట్టు తిరుగుతుంది.

మూడు గేర్లూ ఇందులోంచే పుడతాయి. చైను చట్రాన్ని తిప్పి, చక్రం కంకణం నుంచి తిరిగితే 4/3, అది వేగం గేరు. చైను కంకణాన్ని తిప్పి, చక్రం చట్రం నుంచి తిరిగితే 3/4, అది ఎత్తు ఎక్కే గేరు. చైను కంకణాన్ని తిప్పి, చక్రమూ కంకణం నుంచే తిరిగితే 1, అది నడిమి గేరు. మీట నొక్కితే తీగ లాగే చిన్న క్లచ్ ఈ జతలు మారుస్తుంది. అంతే!

ఇది మీ కాళ్ళకు ఎలా తెలుస్తుంది? పెడల్ దగ్గరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక దానికి 20 పళ్ళు ఉన్నాయనుకోండి. 44/20 అంటే 2.2. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. నడిమి గేరులో ఒక తొక్కుడుకు 4.6 మీటర్లు వెళతారు. ఎత్తు గేరులో 3.5 మీటర్లు, వేగం గేరులో 6.2 మీటర్లు. మూడు గేర్లే అయినా తేడా చిన్నది కాదు.

మరి 21 గేర్ల మాట? ముందు 28, 38, 48 పళ్ళవి మూడు, వెనుక 14 నుంచి 28 పళ్ళ దాకా ఏడు ఉంటాయి. 28/14 ఎంత? రెండు. 48/24 ఎంత? అదీ రెండే. అంటే పేరుకు రెండు గేర్లు, పనికి ఒకటే. ఇలాంటి జంటలు, దాదాపు జంటలు వెతికితే ఇంకా దొరుకుతాయి. 21 అనే అంకెకు డబ్బు పెట్టేముందు కాగితం మీద ఈ భాగహారం చేయండి.

అసలు పేచీ గేర్ల సంఖ్య దగ్గర కాదు, మన బతుకు తీరు దగ్గర ఉంది. రాజస్థాన్‌లో ఉన్నప్పుడు ఇసుక, అస్సాంలో ఉన్నప్పుడు వాన. బయటి గేర్ల సైకిల్‌కు చైను పక్కకు గెంతాలి కాబట్టి మూత బిగించడం కుదరదు. చైను మీది నూనెకు ఇసుక అంటితే అది సానరాయిలా పళ్ళను అరగదీస్తుంది. హబ్ గేరు సైకిల్‌లో చైను ఒకే గీత మీద తిరుగుతుంది, దానికి నిండు మూత వేయవచ్చు. తెల్ల సాక్సులకు మరక అంటదు. పైగా బదిలీ లారీలో సామాన్ల నడుమ ముందుగా వంగేది వెనుక చక్రం పక్కన వేలాడే గేరు కొక్కెమే. ఒక కుటుంబం సామాను దింపితే సరిగ్గా అదే వంగి ఉంది. ఆ చిన్న ఊళ్ళో దాన్ని సరిచేసేవారు దొరకలేదు, పిల్లవాడు పరీక్షలన్నిటికీ నడిచే వెళ్ళాడు. హబ్‌కు బయట వేలాడే కొక్కెం లేదు.

ఇంకో సుగుణం, ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మారుతుంది. ఎర్ర దీపం దగ్గర ఆగి, మీట నొక్కి, తేలిక గేరులో బయలుదేరవచ్చు. బయటి గేర్లు చక్రం తిరుగుతుంటేనే మారతాయి.

లోపాలూ ఉన్నాయి. బరువు కాస్త ఎక్కువ. శుభ్రంగా ఉన్న బయటి గేర్లతో పోలిస్తే లోపలి పళ్ళ రాపిడికి కొంచెం శ్రమ పోతుంది. హబ్ విప్పి బాగుచేయడం వీధి చివరి మెకానిక్‌కు అలవాటుండదు. పంచరైతే వెనుక చక్రం విప్పడం కష్టమని కొందరు భయపెడతారు. ఆ భయం మనకు అంత అక్కర్లేదు. మన పంచరు షాపు అన్నలు చక్రం విప్పకుండానే ట్యూబు పక్కకు లాగి అతుకు వేస్తారు కదా! టైరు మార్చేటప్పుడే విప్పాలి. అప్పుడు తీగ ఎలా తగిలించి ఉందో, ఇరుసు తిరగకుండా పట్టే వాషర్లు ఏ వైపు ఉన్నాయో ముందే ఫొటో తీసుకోండి.

భీమవరం, చండీగఢ్ లాంటి చదును ఊళ్ళకు మూడు గేర్లు చాలు. విశాఖలో కొండవాలు కాలనీలో ఉంటే కూడా మూడు సరిపోవచ్చు, వెనుక పళ్ళచక్రం పెద్దది వేయించుకుంటే. 20 పళ్ళ దాని బదులు 22 పళ్ళది వేస్తే మూడు గేర్లూ ఒకేసారి తేలికవుతాయి. ఈ మార్పుకు అయ్యే ఖర్చు చిన్నది. బదిలీ అయిన ఊరినిబట్టి మార్చుకోవచ్చు, హబ్‌లో చేయి పెట్టక్కర్లేదు. షిల్లాంగ్, కోహిమాలకు వెళితే మాత్రం మూడు గేర్లతో మోకాళ్ళు నొప్పిపెడతాయి. అక్కడ ఏడు గేర్ల హబ్, లేదా బయటి గేర్లే మేలు. ఎందుకంటే మూడు గేర్ల హబ్‌లో పెద్ద గేరు చిన్నదానికి 1.78 రెట్లు, షిమానో ఏడు గేర్ల హబ్‌లో సుమారు 2.4 రెట్లు.

డబ్బు తక్కువైతే గేర్లు తగ్గించండి, బ్రేకులు తగ్గించవద్దు. ఎత్తు సరిపోని ఫ్రేము ఎంత చవకైనా వద్దు. రెండు మూడేళ్ళలో పొడవు పెరుగుతాం కదా అని మరీ పెద్దది కొంటే ఆగేటప్పుడు కాళ్ళు నేలకు అందవు. కొన్ని హబ్‌లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. అది ఉన్నా ముందు చక్రానికి చేతి బ్రేకు ఉండి తీరాలి.

వాడిన సైకిల్ కొంటుంటే వెనుక చక్రం పైకెత్తి అన్ని గేర్లూ మార్చి తిప్పించండి. తర్వాత ఎక్కి, ఒక్కో గేరులో గట్టిగా తొక్కండి. పెడల్ చటుక్కున జారి ఖాళీగా తిరిగితే జాగ్రత్త. చాలాసార్లు తీగ బిగింపు సరిచేస్తే పోతుంది. సరిచేశాక కూడా జారితే లోపలి పళ్ళు అరిగినట్టే, ఆ బేరం వదిలేయండి. చైను నడుమ వేలితో పైకీ కిందికీ ఆడిస్తే సుమారు సెంటీమీటరు కదలాలి. మరీ బిగువు వద్దు, మరీ వదులూ వద్దు.

లారీ ఎక్కించే రోజు పెడళ్ళు విప్పాలి. కుడి పెడల్ మామూలు మరలాగే వస్తుంది. ఎడమది తిరగబడ్డ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. బలం ఉందని రెండో వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది.

అభ్యాసం

1. ముందు 46 పళ్ళు, వెనుక 23 పళ్ళు, చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు. మూడు గేర్లలో ఒక్కో తొక్కుడుకు ఎంత దూరం వెళతారు?

2. మీ ఇంటి నుంచి బడికి ఎంత దూరమో కనుక్కొని, నడిమి గేరులో ఎన్ని తొక్కుళ్ళు పడతాయో లెక్కకట్టండి.

3. కుండ, ఆకులు, పూటీలు, ఇరుసు అనే మాటలను తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్‌లో చెప్పి, వాళ్ళ ఊళ్ళో వీటిని ఏమంటారో అడిగి రాసుకురండి.