ట్రాక్టరు టైర్ల కొనుగోలు: రైతులు గమనింపవలసిన సంగతులు

ఏరువాక సమీపించినప్పుడు ట్రాక్టరు గల రైతునకు విత్తనములు, ఎరువులతోపాటు వెనుక టైర్ల ఖర్చు కూడ తటస్థించుట కలదు. పైరునకు పెట్టవలసిన రొక్కమును ఒక్కపెట్టున టైర్లకు పోయుట చిన్న భారము కాదు. కావున ఈ వ్యయమును తగ్గించుకొను మార్గములను గూర్చి కొంచెము వివరింపదలచితిమి.

మొట్టమొదట పాతటైరు నిజముగా పనికిరానిదో కాదో తేల్చుకొనవలయును. ఇందుకు కంటిచూపు చాలదు. వెనుకచక్రముపై సుద్దతో గీత గీసి, గొర్రు దించి దున్నుచు, చక్రము 10 చుట్లు తిరుగునంత దూరమునకు రెండు కొనల గూటములు పాతుడు. పిదప గొర్రు పైకెత్తి అదే నేలపై, అదే గేరులో, ఆ దూరమే నడపి చుట్లు లెక్కింపుడు. 9 చుట్లు వచ్చినచో జాఱుడు నూటికి 10 అన్నమాట; దుక్కిలో అది సహజమే. 8 మాత్రమే వచ్చినచో నూటికి 20 వంతులు చక్రము వృథాగా తిరుగుచున్నది, డీజిలు నేలపాలగుచున్నది. అట్లయినను వెంటనే టైరును నిందింపరాదు. గాలి హెచ్చుగా నున్నను, చక్రములపై బరువు చాలకున్నను జాఱుడు పెరుగును. వానిని సరిచేసి మరల పరీక్షింపుడు. అప్పటికిని తగ్గనిచో కొత్తవి కొనక తప్పదు.

కొనునప్పుడు పని ననుసరించి రకము నెంచుకొనవలెను. ఆర్-1 అను గుర్తు గలది మెట్టదుక్కికిని, సామాన్యపు పనులకును తగినది. ఆర్-2 రకమునకు పట్టెలు ఇంచుమించు రెట్టింపు ఎత్తు గలిగి, బురదమళ్లలో చక్కగా పట్టు దొరకును. కాని తారురోడ్డుపై ఆ పట్టెలు త్వరగా అరిగిపోవును. మాగాణి గలదు గదా యని ఆర్-2 కొని, ఏడాదిలో సగము దినములు ట్రక్కు తగిలించి రోడ్డుపై బాడుగకు త్రిప్పువారు చేతులార నష్టము తెచ్చుకొనుచున్నారు. దమ్ముకు ఇనుపచక్రములు తగిలించువారికి ఆర్-1 చాలునని మా అభిప్రాయము.

ఇక వెల. 18,000 రూపాయల టైరు 1,500 గంటలును, 22,000 రూపాయల టైరు 2,500 గంటలును పనిచేయుననుకొందము. మొదటిదానికి గంటకు 12 రూపాయలు, రెండవదానికి 8 రూపాయల 80 పైసలు పడును. ఏది చౌకయో వేఱుగ చెప్పనక్కఱలేదు. మీ పాతటైరు ఎన్ని గంటలు నడచినదో మీటరు చూచి వ్రాసియుంచుకొన్నచో ఈ లెక్క మీకే తెలియును.

టైరు ప్రక్కభాగమున నాలుగంకెల తేదీ అచ్చొత్తియుండును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. రబ్బరు వాడకున్నను ముసలిదగును. నిలువసరుకును కొత్తదాని వెలకు కొనకుడు, లేదా తగ్గింపుమని గట్టిగా అడుగుడు. వెనుక రెండు టైర్లును ఒకే కొలత, ఒకే రకము, ఇంచుమించు ఒకే అరుగుదల గలవై యుండవలెను. నాలుగు చక్రములును లాగు ట్రాక్టరునకు యంత్రము చేసినవారు చెప్పిన కొలతలు మార్చుట మిక్కిలి ప్రమాదకరము, గేర్లు చెడును. సాగిపోయిన పాతట్యూబును కొత్తటైరులో వేసినచో ముడుతలు పడి చినుగును.

2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టరు టైర్లపై జి.ఎస్.టి. 18 శాతమునుండి 5 శాతమునకు తగ్గింపబడినది. ట్రక్కు టైర్లకు వేఱు రేటు. కావున దుకాణదారుడు చెప్పు వెలలో పన్నెంత, ట్యూబెంత, బిగింపుకూలి యెంత అని విడివిడిగా వ్రాయించుకొని బిల్లు పుచ్చుకొనవలెను. తయారీలోపము కనబడినచో ఆ బిల్లే ఆధారము. ఒకే కొలత టైర్లు కావలసిన సభ్యులు నలుగురైదుగురు తమ కొలతలను సంఘమునకు ముందుగా వ్రాసియిచ్చినచో, రెండు మూడు దుకాణములనుండి ఒక్కసారిగా ధరలు తెప్పించి బేరమాడుటకు వీలగును. దుక్కులు మొదలైన పిదప వచ్చువారికి ఆ బేరము కుదురదు.