నడిసముద్రంలో దోపిడీ

సముద్రపు దొంగలనగానే మనకు కంటికి నల్లగుడ్డ, నడుముకు కత్తి కట్టుకున్న సినిమా వేషమే గుర్తుకొస్తుంది. పైగా హైదరాబాదులో ఉన్నవాళ్ళకు సముద్రంతో పనేమిటి అనిపించవచ్చు. కాని అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్ల మీద తిరిగే బండ్లలో పోసే నూనె ఎక్కడిది? మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా విదేశాలదే. అది టాంకరు ఓడల్లో వస్తుంది. విశాఖ రిఫైనరీలో శుద్ధి అయిన పెట్రోలు, డీజిలు గొట్టాల ద్వారా విజయవాడ మీదుగా సికిందరాబాదు చేరతాయి. ఊళ్ళో మా పొలం దున్నే ట్రాక్టరుకైనా ఆ ఓడలే దిక్కు.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక, 101వ అధికరణంలో పైరసీకి అర్థం చెప్పింది. ఏ దేశపు ఏలుబడిలోనూ లేని సముద్రంలో, ఒక ఓడలోని వాళ్ళు స్వలాభం కోసం ఇంకో ఓడ మీద చేసే దౌర్జన్యం, నిర్బంధం, దోపిడీ పైరసీ కిందికి వస్తాయి.

అంత పెద్ద టాంకరు చిన్న పడవకు ఎలా చిక్కుతుంది? దీనికి జవాబు ఆర్కిమెడీస్ సూత్రంలోనే ఉంది. నిండా చమురున్న ఓడ నీళ్ళలో బాగా దిగుతుంది కనుక డెక్కు నీటిమట్టానికి దగ్గరవుతుంది. కొక్కెమున్న నిచ్చెన తగిలిస్తే చాలు. టాంకరు 15 నాటుల వేగం దాటడమే కష్టం, దొంగల మోటారు పడవ 25 నాటులు పోతుంది. 2008 నవంబరులో సోమాలీ దొంగలు పట్టుకున్న సౌదీ టాంకరు 'సిరియస్ స్టార్' పొడవు 330 మీటర్లు. అందులో 20 లక్షల బారెళ్ళ చమురుంది, మనుషులు మాత్రం 25 మందే. అది 2009 జనవరిలో గాని విడుదల కాలేదు.

1991లో సోమాలియా ప్రభుత్వం కూలిపోయాక, విదేశీ ట్రాలర్లు అక్కడి చేపలను ఊడ్చుకుపోయాయి. పొట్టగడవని జాలర్లు కొందరు ఈ దారి పట్టారు. తరువాత పెట్టుబడిదారులు చేరి దాన్ని వ్యాపారం చేశారు. ఆకలి కారణమైతే కావచ్చు గాని, దానికి బలయ్యేది ఇంకో పేదింటి బిడ్డే.

'అస్ఫాల్ట్ వెంచర్' సంగతే చూడండి. 2010 సెప్టెంబరులో ఈ టాంకరును 15 మంది భారతీయ నావికులతో సహా పట్టుకున్నారు. 2011 ఏప్రిల్లో సొమ్ము చెల్లించాక ఓడను వదిలారు గాని, ఏడుగురిని వదలలేదు. భారత నౌకాదళం బంధించిన వందమందికి పైగా దొంగలను విడిచిపెడితేనే వీళ్ళను వదులుతామన్నారు. ఆ ఏడుగురూ 2014 అక్టోబరు చివర గాని బయటపడలేదు. ఓడకు ఖరీదు కట్టొచ్చు, నాలుగేళ్ళ జీవితానికి ఏం కడతాం?

అప్పటికి మన దేశంలో పైరసీకి ప్రత్యేక చట్టమే లేదు. 2022లో పార్లమెంటు ఆ చట్టం చేసింది. 2024 మార్చిలో నౌకాదళం 'రుయెన్' అనే సరుకు ఓడను విడిపించి, 17 మంది సిబ్బందిని కాపాడింది. 35 మంది దొంగలను పట్టి ముంబై పోలీసులకు అప్పగించింది.

ఈ విషయంలో మన పూర్వులు వెనకబడలేదు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఒకప్పుడు రాజులే లాక్కునేవారు. 1244లో కాకతి గణపతిదేవుడు నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమని సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. ఆ అభయం సరుకుకు. ఈనాడు కావలసింది నావికుడికి అభయం.

మనలో కొందరు రేపు మర్చంటు నేవీలో చేరవచ్చు. చేరేముందు జీతం ఎంతని అడగటం సహజమే. దానితోపాటు, ఆపద వస్తే ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిదని కూడా అడగాలి. ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.