తుమ్మ మొద్దు మండదేం?

ప్రశ్న: పొలం గట్ల మీది సర్కారు తుమ్మ కొట్టించి మొద్దులు పెరట్లో వేశాం. నీళ్లపొయ్యిలో పెడితే మంటకంటే పొగే ఎక్కువ. చీల్చకుండా వాడే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, దర్శి

జవాబు: లేదండి, చీల్చాల్సిందే. సర్కారు తుమ్మ మంచి వంటచెరకు. బొగ్గుల బట్టీల వాళ్లు ఏరికోరి కొనేది దాన్నే. కానీ కట్టె నేరుగా మండదు. వేడెక్కి ఆవిర్లు వదిలితే, మండేది ఆ ఆవిర్లు. చేవదేరిన లావు మొద్దు లోపలికి వేడి పాకడం ఆలస్యం. ఈలోగా పైన కమురుతూ, మండని ఆవిర్లనే పొగగా వదులుతుంది. పచ్చిదైతే మరీ కష్టం, వేడంతా దానిలోని నీటిని ఆవిరి చేయడానికే పోతుంది.

మణికట్టు లావున చీల్చి, నేల తగలకుండా రాళ్ల మీద పేర్చండి. మన ఎండలకు ఒక వేసవి చాలు. మొద్దుగా వదిలేస్తే ఏడాదైనా లోపల తడి ఆరదు. తేమ 20 శాతం లోపుండాలి. మీటరెందుకు, రెండు ముక్కలు కొట్టి చూడండి: ఎండినవి ఖంగుమంటాయి, చివర్లు పగిలి ఉంటాయి.

ముందు పత్తికట్టె అంటించండి. నిప్పులు పడ్డాక తుమ్మ ముక్కలు రెండు మూడు, మధ్య వేలెడు సందుతో పెట్టండి. ఒంటి కట్టె నిలవదు, ఒకదాని సెగ ఇంకోదానికి కావాలి. మిరపకట్టె మాత్రం వద్దు. తాలుకాయ ఒక్కటి మిగిలినా ఇల్లంతా దగ్గే.

తెల్లార్లూ నిప్పు ఉండాలంటే చీల్చని మొద్దు ఒకటి నిప్పుల మీద పెట్టవచ్చు, అదీ ఆరుబయటి పొయ్యిలోనే. మూసిన గదిలో రాజుకునే నిప్పు నుంచి వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, ప్రాణం తీస్తుంది.