పాత ట్రావెల్ ట్రైలర్‌కు ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. 2006 నాటి ట్రావెల్ ట్రైలర్‌కు 9,000 డాలర్లు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇంత పాతదానికి ధర తేల్చేది ఏడాది కాదండీ, లోపలి చెమ్మ. జె.డి. పవర్ ధరల పట్టిక చూడండి, కానీ అది నీరు దిగని బండికే వర్తిస్తుంది. చెప్పులు విప్పి లోపల నడవండి. మూలల్లో, మంచం పక్కన నేల మెత్తగా దిగబడితే అడుగున చెక్క కుళ్లినట్టే. బయటి ఫైబర్ గోడ ఉబ్బినా అదే అనుమానం. అలాంటిది ఎంత తగ్గించినా వద్దు.

టైరు మీద ‘డాట్’ వరసలో చివరి నాలుగంకెలు చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం. అరగకపోయినా అంత పాత టైర్లు మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలోంచి తీసెయ్యమనండి. టైటిల్ అమ్మేవారి పేరున లేకపోతే బయానా కూడా ఇవ్వకండి.