పండుగ పూట రుద్రంగి దారిలో: ఏది తెరిచి ఉంటుందో తెలుసుకోవడం ఎలా?

కోరుట్ల నుంచి రుద్రంగి మీదుగా వేములవాడ పోయేవాళ్లు పండుగ అనగానే అన్నీ బంద్ అనుకోవద్దు. బ్యాంకుకు సెలవు వచ్చిన రోజే పూల బండికి గిరాకీ. కాబట్టి బయల్దేరే ముందు ఈ వరుసలో చూసుకోండి.

1. వారం చూడండి. సోమవారం వేములవాడ రాజన్నకు, మంగళ, శనివారాలు కొండగట్టు అంజన్నకు ప్రత్యేకం. ఆ రోజుల్లో తిండికి లోటుండదు, గది దొరకడమే కష్టం. బ్యాంకులు ఆదివారాలతో పాటు రెండో, నాలుగో శనివారాలు కూడా తెరవరు.

2. క్యాలెండర్‌తో ఆగకండి. సద్దుల బతుకమ్మ చాలా ఊళ్లలో తొమ్మిదో రోజైతే, వేములవాడలో ఏడో రోజే. ఆ సాయంత్రం ఆడవాళ్లంతా బతుకమ్మ దగ్గరే ఉంటారు. పనులు మధ్యాహ్నంలోపే ముగించుకోండి. రంజాన్‌ తేదీ నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు.

3. సర్కారు బంద్ వేరు. అక్టోబరు 2న గాంధీ జయంతికి మాంసం, మద్యం దుకాణాలు మూస్తారు. 2025లో దసరా సరిగ్గా అదే రోజు పడింది. యాట కూర లేని దసరా ఎట్లా అని జనం ముందురోజే దుకాణాల మీద పడ్డారు.

4. పూటలు విడదీయండి. దసరానాడు పొద్దున తెరిచిన కిరాణం, జమ్మికి పోయే వేళకు మూతపడొచ్చు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయే వ్యాపారులు కాసేపు షట్టర్ దించుతారు. గ్రహణం పడితే గుడి తలుపులు మూసి, సంప్రోక్షణ అయ్యాకే దర్శనానికి వదులుతారు.

5. జాతర రోజులు గుర్తుంచుకోండి. శివరాత్రికి వేములవాడ రాత్రంతా మేలుకొనే ఉంటుంది. ఒక్కపొద్దు వాళ్ల కోసం కందగడ్డలు, పండ్లు కుప్పలు పోసి అమ్ముతారు. రెండేళ్లకోసారి మేడారం జాతర ముందు కూడా రాజన్న దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. ముందు రాజన్నను మొక్కి, తర్వాత సమ్మక్క దగ్గరికి పోవడం ఇక్కడి ఆనవాయితీ.

6. ముందురోజే సర్దుకోండి. చేతిలో కొంత నగదు, బండిలో పెట్రోలు, సంచిలో మందులు పెట్టుకోండి. ఏటీఎంను నమ్ముకోవద్దు.

7. ఫోన్ చేసి సరిగ్గా అడగండి. “రేపు ఉంటారా?” అంటే “ఉంటం” అనే జవాబొస్తుంది. “రేపు ఎన్నిగొట్టంగ తీస్తరన్నా, ఎన్నిగొట్టంగ బంద్ చేస్తరు?” అని అడిగితే మీ పనికొచ్చే మాట చెప్తారు.