అడవికోడి ఈక అడిగిన అల్లుడికి

గట్టు

చిరంజీవి మేనల్లుడికి మీ మామ దీవించి రాయునది.

అబర్డీన్‌లో చలి ముదిరిందనీ, డీ నదిలో సాల్మన్ చేపల కోసం ఫ్లైలు (గాలానికి ఈకలతో కట్టే ఉత్తుత్తి పురుగులు) కట్టడం మొదలుపెట్టావనీ మీ అమ్మ చెప్పింది. నెమలి ఈకలు ఒక కట్ట, అడవికోడి మెడ ఈకలు కొన్ని పంపమని నువ్వు రాసింది కూడా చూశాను. రెండూ పంపను. ఎందుకు పంపనో ముందు చెప్తా, నీకు నిజంగా కావలసిందేమిటో తర్వాత చెప్తా.

నువ్వడిగింది బూడిదరంగు అడవికోడి. దాని మెడ ఈక కొసన గట్టిపడి మెరిసే లేత పసుపు మచ్చ ఉంటుంది. నీళ్ళలో అది చిన్న చేప కన్నులా కనబడుతుందని దొరలు సాల్మన్ ఫ్లైకి అటొకటి ఇటొకటి కట్టేవాళ్ళు. ఆ ఈకలన్నీ ఒకప్పుడు మన దేశం నుంచే ఓడలెక్కాయి. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ పక్షికి రక్ష. అక్కడ పెంపకపు పక్షుల ఈకలు చట్టప్రకారం అమ్ముతారు, అంతగా కావాలంటే అవి కొనుక్కో. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. తనంతట తానే రాల్చిన తోక ఈకను మనం ఉంచుకోవచ్చు గానీ దేశం దాటించకూడదు. వానలు తగ్గేసరికి చేలగట్ల మీద రాలినవి నేనూ ఏరుకుంటాను. మొదలు దగ్గర లావుగా ఉండే కాడను నాలుగు వేళ్ళ పొడుగు కోసి గాలానికి బెండుగా కడితే, చేప మూతి ఆనించినా తెలిసిపోతుంది.

ఈకల యావ మనిషిని ఎంతదాకా తీసుకుపోతుందో కూడా తెలుసుకో. 2009 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో ఒక సంగీత విద్యార్థి రాత్రిపూట కిటికీ పగలగొట్టి దూరి, 299 పక్షి చర్మాలు ఎత్తుకుపోయాడు. వాటిలో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి కూడా ఉన్నాయి. అతనూ ఫ్లైలు కట్టేవాడే, అమ్మిందీ ఫ్లైలు కట్టేవాళ్ళకే. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసిన చీటీలు చాలావాటికి ఊడదీశాడు. చీటీ పోయాక ఆ పక్షి తిరిగి దొరికినా సైన్సుకు పెద్దగా అక్కరకు రాదు. ఇంతా చేసి, ఆ ఈక ఏ ఖండానిదో చేపకు పట్టదు.

అందుకే నా మాట విని పుంజు ఈకతో మొదలుపెట్టు. సాల్మన్‌ను కొన్నాళ్ళు పక్కనపెట్టి ట్రౌట్ చేపల కోసం చిన్న ఫ్లైలు కట్టు. తప్పు చిన్న ఫ్లై మీద తొందరగా బయటపడుతుంది.

ఈకను ముందు చేత్తో చదవాలి. కాడను విల్లులా వంచితే పోచలు విడివిడిగా లేస్తాయి. కాడకు ఆనుకుని మెరుపు లేకుండా దూదిగా ఉన్న భాగం నీళ్ళు తాగుతుంది. మెరుస్తూ గట్టిగా ఉన్న కొస తాగదు. పెదవికి ఆనించు, గుచ్చుకుంటే తేలే ఫ్లైకి పనికొస్తుంది. మెత్తగా తగిలితే మునిగే ఫ్లైకి. పుంజు మెడ, నడుము ఈకలు మొదటి రకం. పెట్ట ఈకలు రెండో రకం, నీళ్ళలో ప్రాణమున్నట్టు కదులుతాయి.

పోచ పొడుగు గాలం నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లుంటే సరి. మొదలు దగ్గరి నూగంతా దువ్వి తీసెయ్యి. దారం కిందికి వచ్చేచోట మాత్రం పోచలను పీకకుండా కత్తెరతో కురచగా కత్తిరించు. ఆ మొలకలు దారాన్ని పట్టుకుంటాయి, ఈక జారదు. చుట్టేటప్పుడు లోవంపు పక్క గాలం కన్ను వైపు ఉంటే పోచలు ముందుకు వాలతాయి, మెరిసే పక్క ఉంటే వెనక్కి వాలతాయి. తేలేదానికి మొదటిది, మునిగేదానికి రెండోది. చుట్టు పక్కన చుట్టు పడాలి గానీ మీద పడకూడదు. కాడ మెలిపడుతుంటే బలవంతం చెయ్యకు, విప్పి కట్టిన కోణం మార్చు. గాలం కన్ను వెనక కాస్త జాగా వదలకపోతే ముడి వెయ్యడానికి చోటుండదు.

నెమలి పోచలు అక్కడి దుకాణంలో దొరికితే కొనుక్కో. వాటి పచ్చదనం రంగు వల్ల వచ్చింది కాదు. లోపలి సూక్ష్మమైన అమరిక వెలుతురును అలా విరుస్తుంది, అసలు రంగు గోధుమే. అందం ఉంది గానీ బలం లేదు. కొస పెళుసు, ఒక అంగుళం తెంపేసి కట్టు. నాలుగైదు పోచలను దారంతో కలిపి పేని చుడితే చేప పళ్ళకు ఆగుతుంది. నూగు గీకేసిన పోచతో ఫ్లై ఒళ్ళు చుట్టాలంటే ముందు నీళ్ళలో నానబెట్టు, లేకపోతే చిట్లుతుంది.

బిగువు నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. మన ఇంట్లో మగ్గం పక్కన పెరిగినవాడివి, పట్టుపోగు తెగే ముందు వేలికి ఎలా తెలుస్తుందో నీకు తెలుసు. గద్వాల చీర అంచు నేసి మిగిలిన పట్టు, జరీ తునకలు మీ అత్త ఒక డబ్బాలో దాచింది. అవి పంపుతా. జరీని ఫ్లై ఒంటి మీద ఎడంగా చుడితే మెరుపూ వస్తుంది, కింది ఈకకు కాపూ ఉంటుంది.

ఈకలు కొన్న రోజే సబ్బునీళ్ళలో కడిగి నీడన ఆరబెట్టు. నలిగినదాన్ని కెటిల్ ఆవిరి మీద పట్టుకుంటే మళ్ళీ తీరుకు వస్తుంది. పురుగు పడిందనిపిస్తే మూటగట్టి కొన్నాళ్ళు ఫ్రీజర్‌లో పెట్టు. కొత్త ఈకలను పాతవాటితో వెంటనే కలపకు.

ఒకే కొలత, ఒకే రంగు ఫ్లైని వరసగా డజను కట్టు. మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి, పక్క నుంచి ఫోటో తీసి పంపు. పోచలు ఎటు వాలాయో చూసి ఏం మార్చాలో చెప్తా. మీ అమ్మకు వారానికోసారన్నా ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మామ