ద్వీపమున బాలశిక్ష: అండమాను తెలుగు గృహములందు ప్రకృతిబోధ

శిశువునకు భాష అలవడు విధమును విచారించువారు తరచు బడితో ప్రారంభింతురు. ఓనమాలు, గుణింతములు, వాచకము అను క్రమమున వారి విచారణ సాగును. కాని ఓనమాలు దిద్దుటకు మునుపే శిశువు తన భాషలో ప్రధానభాగమును ఇంటియందును, పెరటియందును, వీథియందును గడించి యుండును. వస్తువును చూచుట, దాని పేరు వినుట, ఆ పేరుతో దానిని పిలుచుట అను మూడు పనులును కలిసి జరిగినప్పుడే పదము మనస్సున నాటుకొనును. వస్తువు లేని పేరు వల్లెవేతగా మిగులును. పేరు లేని వస్తువు కంటి యెదుట నున్నను కానరాదు. ప్రవాసమున నున్న తెలుగు కుటుంబములకు ఈ రెండు లోపములును సంభవించుచుండును. అండమాను నికోబారు దీవుల తెలుగువారిని ఉదాహరణముగా గొని, ఇంటియొద్ద ప్రకృతి నాధారము చేసికొని చిన్నపిల్లలకు తెలుగు నేర్పుట ఎట్లో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1. దేశము, జనము

ఆంగ్లేయులు 1858లో ఈ దీవులలో ఖైదీల వలసను నెలకొల్పిరి. స్వాతంత్ర్యానంతరము ప్రధానభూమినుండి వేర్వేరు భాషలవారు వచ్చి స్థిరపడిరి. తెలుగువారిలో పెక్కండ్రు ఉత్తరాంధ్ర తీరమునుండి, విశేషించి శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములనుండి వచ్చినవారు. చేపలవేట, కూలిపని, వర్తకము, ఉద్యోగము వారి జీవనాధారములు. 2011 జనగణన ననుసరించి, దీవులలోని సుమారు 3 లక్షల 80 వేల జనములో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వంగము, హిందీ, తమిళముల తరువాత తెలుగుది నాల్గవ స్థానము.

ఇన్ని భాషలవారును ఒకరితో నొకరు మాటలాడుకొనుటకు హిందీయే సాధనమైనది. కనుక పిల్లవానికి వీథి హిందీని, పైచదువు ఆంగ్లమును ఇచ్చును. తెలుగునకు మిగిలినది ఇల్లు. 2020 నాటి జాతీయ విద్యావిధానము సాధ్యమైనంతవరకు కనీసము అయిదవ తరగతిదాక ఇంటిభాషలో బోధింపవలెననియు, మూడవయేటినుండి ఎనిమిదవయేటివరకు గల కాలము విద్యకు పునాది యనియు చెప్పినది. అయితే ఆ పునాదిలో తొలిరాళ్లు పేర్చువారు తల్లియు, తండ్రియు, అవ్వతాతలును.

2. పూర్వుల మార్గము

చిన్నపిల్లలను దండింపక, తొందరపెట్టక, ప్రకృతిమధ్యమున పెంచవలెనను అభిప్రాయము క్రొత్తది కాదు. జర్మనీదేశమున ఫ్రోబెల్ 1837లో స్థాపించిన శిశువిద్యాలయమునకు తరువాత 'పిల్లలతోట' యని పేరు పెట్టెను. ఇంగ్లండున షార్లట్ మేసన్ గృహవిద్యపై 1886లో గ్రంథము ప్రకటించి, ఆరేండ్లలోపు పిల్లలు ఆరుబయట నెక్కువ కాలము గడుపవలెననియు, ఆరేండ్లు నిండినవారు వినినదానిని తమ మాటలలో తిరిగి చెప్పవలెననియు బోధించెను. మన దేశమున రవీంద్రనాథుడు 1901లో శాంతినికేతనమున చెట్లక్రింద పాఠములు నడిపెను. గిజూభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పెను. మేరియా మాంటిసోరి 1939లో మద్రాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను.

మన ప్రకృత విషయమునకు వీరందరికంటె సమీపముననున్నవాడు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో నుండి ఆయన సవర భాష నేర్చెను, సవర పిల్లలకు సవరలోనే వాచకములు కూర్చెను, బడులు పెట్టించెను. కొండమీది పిల్లవానికి వాని నోటిమాటతోనే చదువు ప్రారంభింపవలెనన్నది ఆయన సిద్ధాంతము. అండమాను తెలుగువారిలో ననేకుల పూర్వస్థానము ఆయన పనిచేసిన సీమయే. ఆయన కొండను గూర్చి చెప్పినది నేడు దీవికిని వర్తించును.

3. పేర్ల సమస్య

పెద్దబాలశిక్ష చదివిన తాత మనుమనికి ఆరు ఋతువులను వల్లింపజేయును. కాని దీవిలో మే నెలనుండి సెప్టెంబరువరకు నైరృతి వానలు, ఆ వెంటనే డిసెంబరుదాక ఈశాన్యపు వానలు. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము పడును. ఇది కోస్తాంధ్రమునకు దాదాపు మూడు రెట్లు. 'గ్రీష్మమున చెఱువు లెండును' అని తాత చెప్పినచో, ఆ గ్రీష్మపు ఉత్తరార్ధమున పిల్లవాడు గొడుగు పట్టుకొని నిలిచియుండును. ఇందు తాతది తప్పు కాదు, పిల్లవానిది కాదు. పదము ఒక నేలది, అనుభవము మఱియొక నేలది. ఈ ఎడమును పూడ్చుటకు దీవిలోని వస్తువులను మూడు తరగతులుగా విభజించుకొనుట మేలు.

మొదటిది, రెండు తీరములకును సమానమైనవి. కొబ్బరి, మొగలి, పొన్న, గంగరావి, మడ, ఉప్పుపొన్న; వంజరము, కానాగంత, నెత్తళ్లు, పీత, రొయ్య; ఆటు, పోటు. వీనికి తెలుగు పేర్లు సిద్ధముగా నున్నవి. జాలరి ఇంటి అవ్వకు తెలిసిన చేపపేర్లు నిఘంటువులందు పెక్కు కానరావు. ఆమె నోట నున్నప్పుడే వానిని మనుమలకు అందించవలెను.

రెండవది, మన చెట్లకు చుట్టములైనవి. అండమాను పడౌకు వృక్షము ఇందుకు చక్కని ఉదాహరణము. అది ఈ దీవులలోనే సహజముగా పుట్టునది. ఎఱ్ఱని చేవ గలది. మన ఎఱ్ఱచందనమును, వేగిసయు దానికి ఒకే ప్రజాతిలోని సోదరులు. మూడింటి కాయలును గుండ్రని బిళ్లవలె నుండి చుట్టును పలుచని రెక్క గలిగియుండును. పడౌకు కాయను చేతికిచ్చి, 'దీని అన్న కడప కొండలలో నున్నాడు' అని చెప్పిన తల్లి ఒక్కమాటతో వృక్షశాస్త్రమును, స్వదేశమును బోధించినదగును.

మూడవది, కేవలము దీవికి చెందినవి. కొబ్బరికాయల నొలిచి తిను పెద్దపీతకు, నికోబారు మెగాపోడు పక్షికి తెలుగు పేర్లు వాడుకలో లేవు. ఇట్టిచోట పిల్లలనే పేరు పెట్టనీయవలెను. మట్టియు ఆకులును పోగుచేసి, ఆ దిబ్బ వేడిమిచే గ్రుడ్లను పొదిగించు మెగాపోడును 'దిబ్బకోడి' అని ఒక బాలిక పిలిచినచో, ఆ సమాసము నిర్దుష్టమే. ప్రవాసమున భాష బ్రదుకుటయనగా క్రొత్త వస్తువునకు తన ధాతువులతో పేరు పెట్టగలుగుట.

4. పాఠక్రమము

ఇంటిబోధకు గంటకొట్టి పాఠము చెప్పనక్కఱలేదు. ఈ క్రింది నాలుగు పనులు చాలును.

మొదటిపని, దినమున కొకమాఱు సముద్రమును చూచుట. 'ఇప్పుడు ఆటా, పోటా?' అని తల్లి యడుగును. 'పోటే అమ్మా, నిన్న మనము కూర్చున్న రాయి మునిగిపోయింది' అని బిడ్డ చెప్పును. మఱునాడు అదే మట్టము సుమారు ముప్పావుగంట ఆలస్యముగా వచ్చుటను బిడ్డయే కనిపెట్టును. చంద్రునితో దాని సంబంధము పెద్దలు చెప్పకమునుపే వానికి సందేహముగా మొలకెత్తును. సందేహము ముందు, సమాధానము తరువాత వచ్చుట మంచి బోధకు గుఱుతు.

రెండవపని, చూచినదానిని సాయంకాలము తిరిగి చెప్పించుట. తప్పులు పట్టుకొనరాదు. హిందీ మాట దొర్లినచో కసరక, తెలుగుమాటను చేర్చి ఆ వాక్యమునే మఱల పలికిన చాలును. గద్దింపబడిన భాషను బిడ్డ విడిచిపెట్టును. ముద్దాడబడిన భాషను పట్టుకొనును.

మూడవపని, బొమ్మల పుస్తకము. ఆకును కాగితముపై పెట్టి గీయుట, ప్రక్కన పేరు వ్రాయుట. ఉప్పుపొన్న విత్తు తల్లిచెట్టుననే మొలకెత్తి, పొడవుగా పెరిగి, పిమ్మట బురదలో పడి వేరూనును. అది వారము వారము పెరుగుటను బిడ్డ బొమ్మలుగా గీసిన, అదియే వాని తొలి శాస్త్రగ్రంథము.

నాల్గవపని, ప్రధానభూమిలోని అమ్మమ్మతో ఫోనులో మాటలాడించుట. భారతీయ కాలమానమునకు ప్రమాణమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడకు సమీపముగా పోవును. 2024లో శ్రీ విజయపురమని నామాంతరము పొందిన పోర్ట్ బ్లెయిరు 93 డిగ్రీలకు చేరువ. గడియారము ఒక్కటే యైనను, శ్రీకాకుళమునకంటె దీవిలో చలికాలమున అరగంటకు పైగా ముందే తెల్లవాఱును. 'మాకు ఎండ వచ్చింది అమ్మమ్మా, మీకు ఇంకా చీకటేనా?' అన్న ప్రశ్నలో భూగోళశాస్త్రము మొత్తము ఇమిడియున్నది.

5. ఇందలి ప్రయోజనము

ఇది కేవలము భాషాభిమానము కాదు. 2004 డిసెంబరు 26న సంభవించిన భూకంపమును, సునామియు ఈ దీవులలో ఘోరవిపత్తు కలిగించినవి. మృతులు, కానరానివారు కలిసి మూడువేలకు పైబడిరి. దక్షిణ అండమాను నేల సుమారు ఒక మీటరు క్రుంగినది. సిప్పిఘాట్ వద్ద పొలములు ఉప్పునీట మునిగి, నేడు పక్షులు వ్రాలు చిత్తడినేలలైనవి. ఉత్తర అండమానున నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడినవి.

ఆనాడే, భూకంపకేంద్రమునకు మిక్కిలి సమీపముననున్న ఇండొనేషియాలోని సిమెలూ ద్వీపమున సుమారు 78,000 జనములో మరణించినవారు ఏడుగురు మాత్రమే. 1907లో అచట వచ్చిన ఉప్పెనను ఆ జనులు 'స్మోంగ్' అను తమ మాటతో గుర్తుంచుకొనిరి. భూమి గట్టిగా కంపించి, సముద్రము వెనుకకు పోయినచో కొండకు పరుగెత్తవలెనని అవ్వలు జోలపాటలలోను, కథలలోను పిల్లలకు చెప్పిరి. ఏ పాఠశాలయు నేర్పని ఒక్క మాట, దాదాపు నూఱేండ్లు ఇండ్లలో నిలిచి, వేలకొలది ప్రాణములను కాపాడినది. సముద్రమును ఎఱిగిన భాషను పిల్లల కందించుటకు ఇంతకు మించిన ప్రమాణము వలదు.

దీనికి ప్రతికూలమైన నిదర్శనము అండమానులోనే కలదు. 2010 జనవరిలో బోవా సీనియర్ అను వృద్ధురాలు మరణించుటతో, గ్రేట్ అండమానీ కుటుంబములోని 'బో' భాష మాటలాడువారు లేకుండబోయిరి. ఆ కుటుంబపు భాషలను పరిశోధించిన అన్వితా అబ్బి పక్షుల పేర్లను సేకరించి గ్రంథస్థము గావించినది. గ్రంథమున నిలిచినవి పేర్లు. వానిని పలికి పక్షిని చూపు అవ్వ మాత్రము లేదు. కోట్లకొలది మాటలాడు తెలుగునకు ఆ గతి రాదని మనము నిశ్చింతగా నుండవచ్చును. అయితే భాష ఒక్కమాఱుగా పోవదు, ఇల్లిల్లుగా పోవును.

6. ఆక్షేపణలు

దీవిలో బ్రదుకుటకు హిందీ, ఆంగ్లములు కావలెను గదా, తెలుగు భారము కాదా యని యొక ఆక్షేపణ. చిన్నపిల్లలు రెండు మూడు భాషలను కలిపి నేర్వగలరు. ఇంటిభాషలో గట్టిపడిన భావము ఇతరభాషలకు ఆధారమగునే కాని అడ్డు కాదు.

రెండవది యింతకంటె బలమైనది. తెల్లవాఱకమునుపే చేపలగంప నెత్తికెత్తుకొని జంగ్లీఘాట్ రేవునుండి బయలుదేఱు తల్లికి ప్రకృతిపాఠములు చెప్పుటకు తీఱిక యెక్కడిది? ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. తీఱిక గలవారికే పనికివచ్చు పద్ధతి అయినచో దానిని ప్రతిపాదించుటయే వ్యర్థము. కాని పైని చెప్పిన పాఠములకు ప్రత్యేకకాలము వలదు. గంపలోని చేపలను ఏఱునప్పుడు పేరు పేరున చెప్పుట, తండ్రి వల బాగుచేయునప్పుడు కన్నులు లెక్కించుట, వాన వచ్చు దిక్కును చూపుట, ఇవి పనిలో భాగములు. ఆ తల్లికి కావలసినది క్రొత్త భారము కాదు. తాను ఎఱిగినది విద్యయే యను నమ్మకము.

ఆ నమ్మకమును కలిగించుట మన శాఖలవంటివాని కర్తవ్యము. దీవులలోని తెలుగు అవ్వల నోటనున్న చేపల, చెట్ల, గాలుల పేర్లను సేకరించి, చిన్న బొమ్మల వాచకముగా ముద్రించి, ఆ ఇండ్లకే తిరిగి పంపవలసియున్నది. పేరు చెప్పిన అవ్వ ఆ పుటను మనుమరాలిచే చదివించుకొని వినిననాడు ఆ సేకరణము సార్థకమగును.